గుండీల అట్ట తెంపిన రోజు

నాలుగో తరగతికి లెక్కలు చెప్పే టీచరమ్మది ఇరవై రెండేళ్ల సర్వీసు. బోర్డు మీద తను చేసి చూపడం, పిల్లలు చూసి రాసుకోవడం, అదే ఆమెకు తెలిసిన పద్ధతి. ఆ ఏడాది భాగహారం దగ్గర బండి మొరాయించింది. ఇరవై ఎనిమిది మందిలో పదకొండు మందికే వచ్చింది.

పక్క గది మాస్టారి సలహా మీద పిల్లలను నలుగురి చొప్పున ఏడు జట్లు చేసింది. శుక్రవారంలోగా జట్టుకు పది లెక్కలు పూర్తి కావాలంది. అందరూ పూర్తి చేశారు. సోమవారం ఎవరికి వారికి పరీక్ష పెడితే మళ్లీ ఆ పదకొండు మందే.

ఆరా తీస్తే సంగతి తేలింది. తరగతిలో దర్జీ కూతురొకతి ఉంది, పిల్లలు 'మిషన్' అంటారు. లెక్క ఇవ్వడమే ఆలస్యం, గడగడా చేసేస్తుంది. తన జట్టులో పదీ చేసింది తనే, మిగతా ముగ్గురూ దించుకున్నారు. మిగతా జట్లలోనూ ఇదే తంతు. ఎందుకలా చేశావని మిషన్‌ని అడిగితే, "వాళ్లకి చెప్పేలోపు నేను ఇంకో రెండు చేసేస్తాను టీచర్" అంది.

టీచరమ్మకు కోపం రాలేదు. ఇన్నేళ్లుగా తను చేస్తున్నదీ అదే కదా అనిపించింది.

ఆ వారం నుంచి ఎవరి లక్ష్యం వాళ్లే చీటీ మీద రాసుకోవాలంది. శుక్రవారం జట్టులో ఎవరినైనా లేపుతాననీ, వాళ్లు లెక్క చేయడమే కాక ఎలా వచ్చిందో చెప్పాలనీ అంది. మిషన్ పక్కన కూర్చునే నోరు లేని పిల్ల చీటీలో, 'రెండుసార్లు అర్థం కాలేదని చెప్తాను' అని ఉంది. ఇదేం లక్ష్యమని తిప్పి ఇవ్వబోయి ఆగింది టీచరమ్మ. భిన్నాలు అర్థం కాకుండానే పదో తరగతి దాకా తలూపుతూ వచ్చిన మనిషి తను. తన డైరీలో తనూ ఒక మాట రాసుకుంది: పిలిచేదాకా మాట్లాడకూడదు.

బుధవారం యాభై రెండును నాలుగుతో భాగించాలి. మిషన్ చకచకా చేసి చూపింది. "అర్థం కాలేదు" అంది ఆ పిల్ల. మిషన్ మళ్లీ చేసింది, ఇంకాస్త గట్టిగా చెబుతూ. "ఇప్పుడూ అర్థం కాలేదు."

మిషన్ పెన్సిల్ కింద పెట్టేసింది. మర్నాడు ఇంటి నుంచి గుండీలు తెచ్చింది, అట్టకు పది చొప్పున ఐదు అట్టలు, విడిగా రెండు. నలుగురికీ తలా ఒక అట్ట ఇచ్చింది. ఒకటి మిగిలింది.

వెనకే నిలబడ్డ టీచరమ్మ చెప్పబోయి, నోరు నొక్కుకుంది.

ఆ పిల్ల మిగిలిన అట్ట వైపు చాలాసేపు చూసింది. "దీన్ని తెంపాలి కదూ? అప్పుడు పన్నెండవుతాయి. తలా మూడు."

"అంతే," అంది మిషన్. తర్వాత నెమ్మదిగా, "పక్క అంకెను ఎందుకు దింపుకుంటామో నాకూ తెలీదు, పదులూ ఒకట్లూ అని ఇప్పుడే తెలిసింది" అంది.

ఏడాది చివరికి ఇరవై మూడు మందికి భాగహారం వచ్చింది. ఐదుగురికి రాలేదు. టీచరమ్మ హెడ్మాస్టరు గారి దగ్గరికెళ్లి, వచ్చే ఏడు ఆ పిల్లలతో పాటు తననూ ఐదో తరగతికి వేయమని అడిగింది.