ఆగిపోయిన ముఖానికి కాపలా

ఆ రోజుల్లో రాజోలులో నెట్టు సెంటరంటే, గల్ఫులో మగవాళ్ళున్న మాలాంటి ఆడవాళ్ళకి పుట్టింటితో సమానం. నాకు సంతకం వరకే చదువు. అయినా తెర మీద పచ్చ చుక్క వెలిగిందంటే మా ఆయన వచ్చారని తెలుసు, నాకంత చాలు. ఉత్తరాలు మానేశాం, ఫోన్లూ మానేశాం. (మనిషే కనబడుతుంటే ఒట్టి గొంతు ఎవరికి కావాలండీ!) ఇంతలో ఆయన కొత్త గదికి మారారు. అక్కడి ఫోను నంబరు శుక్రవారం చెబుతానన్నారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నేనూ మా అత్తగారూ ఒకే కుర్చీలో చెరి సగం సర్దుకున్నాం. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయారు. ఒక కన్ను మూసుకుపోయి, ఒకటి సగం తెరిచి, నోరు తెరుచుకుని. భుజం వెనక తెల్లగా, తల లేని మనిషిలాంటిది నిలబడి ఉంది. అంతకుముందు అది అక్కడ లేదు. చెవులకి తగిలించుకున్న దాంట్లోంచి ఆయన గొంతు మాత్రం నూతిలోంచి వచ్చినట్టు సాగి సాగి, "నంబరు... రా...సు...కో..." అని, అదీ పోయింది.

"నెట్టు పోయిందమ్మా. ఎక్కడో తీగ తెగిందంట, రెండ్రోజులు పట్టుద్ది," అంటూ సెంటరు మేస్టారు కంప్యూటరు కట్టెయ్యబోయారు.

"ముట్టుకోకండి!" అని అరిచాను. కట్టేస్తే ఆ తెరిచిన కన్ను కూడా మూసేసినట్టే అనిపించింది.

"అది ఒట్టి బొమ్మేనమ్మా."

"ఆయ్, బొమ్మేనండి. మీ అబ్బాయి బొమ్మయితే కట్టేస్తారాండీ?" అన్నారు మా అత్తగారు. మేస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

అత్తగారు పక్క కొట్లోంచి ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి తెర చుట్టూ తిప్పి దిష్టి తీశారు. మూడో తిప్పుకి తెర మినుకుమంది. ఆ తెల్లనిది కాస్త ముందుకి జరిగిందని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. (ఇద్దరం గోడకి అతుక్కుపోయాం.) మర్నాడూ తెల్లారగానే వచ్చి కూర్చున్నాం. కరెంటు పోయినప్పుడల్లా బల్ల కింద బ్యాటరీ కీచు కీచుమనేది. అది ఆయన ఊపిరే అనుకుని, ఎక్కడ తప్పుతుందోనని నా ఊపిరి బిగబట్టి విన్నాను.

మూడోనాడు పచ్చ చుక్క వెలిగింది.

"ఏమేవ్, బానే ఉన్నావా? నీ మొహం నోరు తెరుచుకుని అలా ఆగిపోయిందేంటే! భయమేసి తువ్వాలు కప్పేను. రెండ్రోజులు డ్యూటీకీ ఎళ్ళలేదు."

"మరి మీ ఎనకాల నుంచుందేంటండీ?"

"నా చొక్కానే! మేకుకి తగిలిస్తే గాలికి ఊగింది."

అత్తగారు నవ్వీ నవ్వీ ఏడ్చేశారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, ఆసుపత్రిలో ఆయన నిజంగా పోయిన పొద్దున, కాఫీ తాగొద్దామని నేను బయటికి వెళ్ళాను. అయిదు నిమిషాలు, అంతే, తిరిగొచ్చేసరికి ఆయన లేరు. అది తలుచుకుని కుమిలిపోయేటప్పుడు, బొమ్మ ముందు నుంచి రెండు రోజులు కదలని ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తుంది. దాన్ని చూస్తే నవ్వొస్తుంది. ఆ కాస్త కాపలా అయినా కాసింది కదా అని ముచ్చటేస్తుంది కూడా.