గవ్వల బాణం

నేను నాలుగో తరగతిలో ఉండగా మా బడికి కొత్త టీచరమ్మ వచ్చారు. అరవైల చివరి రోజులవి. విజయనగరంలో ట్రైనింగు అవగానే ఆవిణ్ణి మా కళింగపట్నం వేశారు. వచ్చిన నెలలోపే నల్లబల్ల మీద ఒక పిట్ట బొమ్మ గీసి, "ఇది బుల్‌బుల్. ఈ రోజు నుంచి మీరూ బుల్‌బుల్సే" అన్నారు. స్కౌట్లలో చిన్న ఆడపిల్లల గుంపుకి అదే పేరని చెప్పి, చేరేవాళ్ళని చేతులెత్తమన్నారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి నాది.

ఇంట్లో మా అమ్మ మాత్రం, "గెంతడానికి కూడా బడేటే?" అంది. మా నాన్న వరి పండించే రైతు. ఆయన అడ్డు చెప్పలేదు. నీలం గుడ్డ చింపి, అంచులు కుట్టి అమ్మే స్కార్ఫు చేసింది. మొదటి రోజు అది మెడకి కట్టుకుని వీధి పొడుగునా నడిచాను, అందరూ చూడాలని.

పన్నెండుమందిమి చేరాం. అందులో నా పక్కన కూర్చునే పిల్ల ఒకతి ఉండేది. చేపలవాళ్ళ పిల్ల. తల్లి లేదు. అయ్య వేటకెళ్తే మామ్మే పెంచింది. ఆ ముసలామె ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని మా వీధికి కూడా వచ్చేది. మేమిద్దరం ఒకే పలక మీద లెక్కలు చేసేవాళ్ళం. స్నేహమే. కాకపోతే అన్నింట్లో నేనే ముందుండాలని నాకు ఉండేది, ఉండేదాన్ని కూడా.

ముడులు నేర్పిన రోజు అది తల్లకిందులైంది. టీచరమ్మ పుస్తకంలో బొమ్మ చూస్తూ తాడుతో తంటాలు పడుతున్నారు. ఆ పిల్ల తాడందుకుని, కళ్ళు మూసుకుని, అయిదు రకాల ముడులు వేసి చూపించింది. పుట్టినప్పటి నుంచి వలల మధ్య పెరిగిన పిల్ల మరి. టీచరమ్మ నవ్వేసి, "మీ జట్టుకి ఈమే లీడరు" అన్నారు. దాని భుజానికి పసుపు రిబ్బను కుట్టారు. ఆ పసుపు రంగు కనబడితే చాలు, మొహం అటు తిప్పేసుకునేదాన్ని.

ఒక శనివారం మధ్యాహ్నం గుర్తుల ఆట పెట్టారు. ఒకరు ముందు వెళ్ళి దారిలో గుర్తులు పెట్టాలి. మిగతావాళ్ళు వాటిని చూసుకుంటూ, లైట్‌హౌసు దగ్గర కూర్చున్న టీచరమ్మని చేరాలి. మా జట్టుకి గుర్తులు పెట్టే పని నాకిచ్చారు.

గవ్వలూ గులకరాళ్ళూ గౌను జేబు నిండా పోసుకుని బయల్దేరాను. ఇసుకలో నాలుగు బాణాలు సరిగ్గానే పెట్టాను. సరుగుడు తోట మొదట్లో దారి రెండుగా చీలుతుంది. ఎడమకి వెళ్తే లైట్‌హౌసు. కుడికి వెళ్తే తోట లోంచి వంశధార సముద్రంలో కలిసే చోటికి. అక్కడ గవ్వలతో అయిదో బాణం పేర్చాను. ఎడమవైపే పేర్చాను. తర్వాత వెనక్కి చూస్తే దూరంగా, అందరికంటే ముందు పరిగెత్తుకొస్తున్న పసుపు రిబ్బను కనబడింది. కూర్చుని, ఒక్కొక్క గవ్వే తీసి, బాణం మొనని కుడివైపు తిప్పాను. కాస్సేపు తిరిగి తిరిగి అందరికంటే ఆఖరున వస్తుంది, నవ్వుదాం అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

వెనకున్న పిల్లలు ముళ్ళు గుచ్చుకుని ఆగిపోయి, లైట్‌హౌసు కనబడగానే గుర్తుల సంగతి వదిలేసి అటు వచ్చేశారు. అది మాత్రం బాణాన్ని నమ్మి తోటలోకి వెళ్ళింది. టీచరమ్మ లెక్కపెడితే ఒకరు తక్కువ.

"లీడరేదే?"

నోరు దానంతటదే తెరుచుకుంది. "ఇంటికెల్లిపోనాదండి. కడుపునొప్పట."

ఆవిడ నమ్మేశారు. నా మాట ఎందుకు నమ్మరు?

పొద్దు వాలుతుండగా ముసలామె మా ఇంటికొచ్చింది. నెత్తిన గంప లేకుండా ఆమెని చూడడం అదే మొదటిసారి. గడప బయటే నిలబడి, "ఓలమ్మీ, మా గుంట నీతోటే వచ్చినాది కదా, ఎటెల్లినాదో సూసినావేటి?" అని అడిగింది.

"తెల్దు" అన్నాను.

మా అమ్మ కూడా అడిగింది, "సరిగ్గా సెప్పవే, ఎక్కడ సూసినావు ఆకర్ని?"

"తెల్దమ్మా."

నిజం చెప్పి ఉంటే మా నాన్న అప్పుడే సైకిలేసుకుని వెళ్ళేవాడు. ఇంకా వెలుగుంది. ముసలామె నా తల నిమిరి, "బెదిరిపోకే, నేను సూసుకుంటాన్లే" అని వెళ్ళిపోయింది. కాస్సేపు ఆమె పిలుపు వినబడింది. ముందు బజారు వైపు, తర్వాత తోట వైపు. ఆ పైన అలల హోరే తప్ప ఏమీ వినబడలేదు. అంటే మనవరాలు వెళ్ళిన దారి ఆమె తనంతట తనే కనిపెట్టుకుంది.

ఆ పిల్ల క్షేమంగానే ఇంటికి చేరింది. పోటు వస్తుంటే చూసి తెలివిగా గట్టెక్కి, ఎవరిదో పడవలో అటు చుట్టూ తిరిగి దీపాల వేళకి వచ్చేసింది. రానిది మామ్మే. చీకట్లో, పోటు నీళ్ళలో, తోట చివరి కాలువ దాటబోయి ఎక్కడ జారిందో ఎవరూ చూడలేదు. మర్నాడు పొద్దున్న వలలాగేవాళ్ళకి కనబడింది.

ఊరంతా టీచరమ్మని అన్నారు. పిల్లల్ని ఏటిగట్టుకి తీసుకెళ్ళమని ఎవరు చెప్పారన్నారు. ఆవిడ ఒక్కమాట ఎదురు చెప్పలేదు, నా మాట నమ్మానని కూడా చెప్పలేదు. నెల తిరక్కుండానే బదిలీ చేశారు. వెళ్ళేరోజు నల్లబల్ల తుడిచి, తాళ్ళన్నీ చుట్ట చుట్టి బీరువాలో పెట్టారు. మళ్ళీ వాటిని ఎవరూ తియ్యలేదు.

దినాలు అయ్యాక మా అమ్మ నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది. జుట్టు చింపిరిగా ఉంది. బాణం నేనే పెట్టానని దానికి తెలుసు. అందరి ముందూ అడిగేస్తుందని అనుకున్నాను. అది నా చెయ్యి పట్టుకుని లోగొంతుతో అంది:

"నువ్వు బాగానే పెట్టినావే గుర్తులు. నాకే సూడ్డం తెల్లేదు. తప్పు సూసీసినాను. నావల్లే మామ్మ ఎల్లిపోనాది."

ఒక్క మాట చాలు ఆ క్షణంలో. చెయ్యి వదిలించుకుని అమ్మ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

ఆ వర్షాకాలానికి ముందే వాళ్ళయ్య దాన్ని తీసుకుని పడవతో సహా పూరీ వైపు వెళ్ళిపోయాడు. అక్కడ మనవైపు చేపలవాళ్ళు చాలామంది వేట చేసుకుంటారు. వెళ్ళారని బడిలో ఎవరో చెబితే తెలిసింది నాకు.

తర్వాత చదువుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, నేనూ టీచరునే అయ్యాను. పిల్లల్ని బడి దాటించి బయటికి తీసుకెళ్ళాల్సి వస్తే ఏదో వంక చెప్పి తప్పుకునేదాన్ని. ఏ ఊళ్ళో ఉన్నా, సాయంత్రం ఎవరైనా పిల్లని గట్టిగా పిలిస్తే పని ఆపేసి, ఆ పిల్ల పలికేదాకా నిలబడిపోతాను. మా ఆయన మొదట్లో అడిగేవారు, తర్వాత మానేశారు.

నలభై దాటాక ఒకసారి పూరీ వెళ్ళాం. దర్శనం అయ్యాక ఒక్కదాన్నే చేపలవాళ్ళ పేటకి నడిచాను. అక్కడ అందరూ తెలుగే మాట్లాడుతున్నారు, అచ్చం మా ఊరి మాట. దాని పేరు చెప్పి అడిగితే ఆ పేరుగలవాళ్ళు ముగ్గురున్నారన్నారు. ఇద్దరు చిన్నవాళ్ళు. మూడో ఆవిడ వల బాగుచేసుకుంటోంది. నా వయసే ఉంటుంది. కానీ ఆవిడది మా ఊరు కాదు, బారువ అనే ఊరట.

"ఏటి పనమ్మా ఆవిడితో?" అంది.

ఎందుకో తెలీదు, ఇసుకలో ఆవిడ పక్కన కూర్చుండిపోయాను. మా అమ్మకీ మా ఆయనకీ చెప్పనిది మొత్తం చెప్పేశాను. ఆవిడ వల కుట్టడం ఆపకుండానే విన్నది. ఆఖరికి దారం పంటితో కొరికి, నా వైపు చూసింది.

"ఈ మాట నాకు సెప్తే ఏటి లాబం తల్లీ? ఆవిడికి సెప్పాల గాని. పాపం, ఇన్నేళ్ళూ తనే సంపేసినాననుకోని బతుకుతుంటాది."

అవునన్నాను. లేచి, కాళ్ళకంటిన ఇసుక దులుపుకున్నాను. మర్నాడు పొద్దున్నే రైలెక్కేశాం.