సున్నం మాస్టారి మెట్ల సిద్ధాంతం

నేను తెలుగు చెప్పిన బడిలో జీవశాస్త్రం మాస్టారికి తన సొంత విషయాల్లో కోపం వచ్చేది కాదు. పరుల ఎముకల విషయంలో మాత్రం ఆగేది కాదు. ఎవరి ఒంట్లోనైనా కాల్షియం వృథా అవుతోందని తెలిస్తే చాలు, తన ఇంట్లో దొంగలు పడ్డట్టు మండిపడేవారు. పిల్లలు ఆయనకు ‘సున్నం మాస్టారు’ అని పేరు పెట్టారు. ఆ పేరు మీద ఆయనకున్న అభ్యంతరం ఒక్కటే.

“సున్నంలో కాల్షియం ఉంటుంది గానీ, కాల్షియమంటే సున్నం కాదు. పేరు పెట్టేటప్పుడైనా పాఠం గుర్తుండక్కర్లేదా వెధవలకి?”

ఉపాధ్యాయుల గదిలో ఆయన కోపానికి మొదట బలైనవారు లెక్కల మాస్టారు. డాక్టరు రోజుకొకటి వేసుకోమని ఇచ్చిన కాల్షియం మాత్రలను ఆయన మరిచిపోతూ ఉండేవారు. ఒకనాడు అన్నీ అరచేతిలో పోసుకుని ఒక్క గుక్కలో మింగారు.

“ఏమిటండీ ఆ ఘోరం?”

“మొన్నటిదీ, నిన్నటిదీ, ఇవాళ్టిదీ. లెక్క సరిపోయింది కదండీ?”

“మీ లెక్క సరిపోయింది, పేగు లెక్క సరిపోలేదు! అది ఒక్క విడతలో తీసుకోగలిగింది తీసుకుని మిగతాది కిందికి తోసేస్తుంది. ఏడాది పాఠాలన్నీ పరీక్ష ముందురోజు చెబితే మీ పిల్లల బుర్రకెక్కుతాయా?”

“ఎక్కవు.”

“మరి మీ పేగు మీ పిల్లలకన్నా తెలివైందనుకున్నారా?”

లెక్కల మాస్టారు మాత్రల సీసా సంచిలో దాచుకుంటూ ఉండగానే మా హెడ్‌మిస్ట్రెస్ గారు కారియరు విప్పి, ఎముకల బలం కోసం తాను రోజూ పాలకూరే తింటున్నానని గర్వంగా ప్రకటించారు. పాపం, ఊరుకున్నా పోయేది.

“పాలకూరలో కాల్షియం ఉందమ్మా, పిసినారి పెట్టెలో డబ్బున్నట్టు ఉంది! అందులో ఒక ఆమ్లం దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంటుంది. పేగు ఎంత బతిమాలినా వదలదు. మీరు తినండి, వద్దనను. కానీ దాన్ని నమ్ముకోకండి. ఓ గిన్నెడు పెరుగు తినండి.”

హెడ్‌మిస్ట్రెస్ గారు కారియరు మూసేశారు.

ఇక అద్దాల కిటికీల గొడవ. చలి రోజుల్లో మేమంతా మూసిన కిటికీ పక్కన వెచ్చగా కూర్చునేవాళ్లం. ఆయన లోపలికి రాగానే నా కుర్చీ వీపు పట్టుకుని, నాతో సహా వరండాలోకి ఈడ్చేవారు. “అద్దం వెలుతురును రానిస్తుంది, పనికొచ్చే కిరణాన్ని గుమ్మం బయటే నిలబెడుతుంది. ఆ కిరణం చర్మాన్ని తాకితేనే డి విటమిను పుడుతుంది. అది చెప్పకపోతే మీరు తిన్న కాల్షియాన్ని పేగు పలకరించనైనా పలకరించదు. లేవండి!” నేను దిద్దుతున్న జవాబుపత్రాలు గాలికి లేచేవి. ఎంతో శ్రమపడి కలిపిన సంధులన్నీ విడిపోయి మైదానమంతా పరుచుకునేవి.

నా భాషను కూడా ఆయన వదిలిపెట్టలేదు. ఒక సభలో మా పాఠశాల కార్యదర్శి గారిని పొగడవలసి వచ్చి, వారి చేతికి ఎముక లేదన్నాను. ఇంతలో చివరి వరుసనుంచి కేక.

“ఎముక లేని చెయ్యి చెంబెత్తలేదు, దానమెలా చేస్తుందండీ?”

జాతీయాన్ని ముక్కలుగా విడదీసి అర్థం చెప్పుకోకూడదని, అది మొత్తంగా ఒక భావాన్ని ఇస్తుందని సభ ముగిశాక ఎంతో ఓర్పుతో వివరించాను. ఆయన వినలేదు. నిజం చెప్పాలంటే, ఆ కార్యదర్శి గారి చేతికి ఎముకలు ఉండవలసినవాటికన్నా ఎక్కువే ఉండేవి. కాబట్టి నేనూ పట్టుబట్టలేదు.

అన్నిటికన్నా ఆయనకు ప్రాణప్రదమైనది మెట్ల సిద్ధాంతం. ఉదయం గంట కొట్టగానే మెట్ల మొదట్లో నిలబడేవారు. “ఎక్కండి, ఎక్కండి! ఎముకకు బరువు తెలియాలి. పని ఉన్న ఎముకే కాల్షియాన్ని దాచుకుంటుంది. రక్తానికి కాల్షియం తక్కువైతే గుండె కొట్టుకోవడానికి అది ఎముక దగ్గరికే అప్పుకు వస్తుంది. దాచుకోనివాడు ఏమిస్తాడు?” ఆ ఉపన్యాసం వినకుండా పైఅంతస్తు చేరుకున్నవాళ్లు లేరు.

కుట్టు టీచరమ్మ గది ఆ పైఅంతస్తులోనే ఉండేది. మెత్తని మనిషి. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుంది. ఆ ఏడాది ఆమె మెట్ల మధ్యలో ఆగి, నడుం పట్టుకుని, ఎవరైనా చూస్తే చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు నటించేది. ఆ సంగతి కార్యదర్శి గారి చెవిన పడింది. తమ తరగతికి తాము ఎక్కలేనివాళ్లను ముందే ఇంటికి పంపాలని ఆయన నిశ్చయించారు. పాఠం నోటితో చెబుతారా, మోకాళ్లతో చెబుతారా? ఇన్నేళ్లు గడిచినా ఆ నిర్ణయం తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

సమావేశంలో కార్యదర్శి గారు ఆ మాట ఎత్తబోతుండగా సున్నం మాస్టారు లేచారు.

“ముందు నా ఫిర్యాదు వినండి. కుట్టు గదికి ఎండ లేదు, అన్నీ అద్దాలే. పిల్లల ఎముకలు ఏమైపోవాలి? దాన్ని కింద వరండా పక్కకు మార్చండి.”

“కిటికీలు తెరిస్తే సరిపోతుంది కదండీ?”

“గుడ్డముక్కలు ఎగిరిపోవూ?”

కార్యదర్శి గారు నవ్వారు. “మెట్లెక్కితే ఎముకలకు బలమని రోజూ చెవులు చిల్లులు పడేలా చెప్పేది మీరే కదా? ఇప్పుడు పిల్లల్ని ఎక్కొద్దంటారా?”

లెక్కల మాస్టారు ముఖంలో మాత్రల నాటి పగ తీరబోతున్న ఆనందం కనిపించింది. సున్నం మాస్టారు ఎర్రబడ్డారు. దవడలు బిగించారు. ఆ తరువాత అన్నారు:

“ఆ మాట తప్పు.”

“ఏమిటీ?”

“నేను చెప్పింది తప్పండీ. మెట్లెక్కితే ఎముకలు... అరిగిపోతాయి.”

ఆయన నోట ‘నేను’ అనే కర్తకు ‘తప్పు’ అనే మాట తోడవడం నేనెన్నడూ వినలేదు. ఆయనను ఓడించిన సంతోషంలో కార్యదర్శి గారు అక్కడికక్కడే కుట్టు గదిని కిందికి మార్చేశారు. టీచరమ్మ ఎక్కవలసిన మెట్లే లేకపోయాక ఆమెను పంపించే ప్రస్తావన నోట్లోనే ఆగిపోయింది.

వరండాలో ఆయనను నిలదీశాను. “మెట్లు చెడ్డవెప్పుడయ్యాయండీ?”

“చెడ్డవని ఎవడన్నాడు?” అని కసిరి, గొంతు తగ్గించారు. “ఆవిడ పొట్టిదైపోతోంది మాస్టారూ. నిరుడు బోర్డు పైవరసలో రాసేది, ఇప్పుడు చెయ్యి అందడం లేదు. వెన్నుపూసలు కుంగుతున్నాయి. బట్టల మూటతో ఆ మెట్ల మీద పడిందంటే మళ్లీ లేవదు. ఈ సంగతి వాళ్లకు చెబితే మెట్లు కాదు, గేటు చూపిస్తారు.”

ఇంతలో టీచరమ్మ వచ్చింది. “అన్నయ్యగారూ, నాకోసం...”

“నీకోసమేమిటమ్మా? నేను మాట్లాడింది పిల్లల గురించి! ఆస్పత్రికి వెళ్లావా? వెళ్లలేదూ? రేపు మా ఆవిడ వచ్చి తీసుకెళుతుంది. ఎదురు చెప్పావంటే ఊరుకోను!”

కార్యదర్శి గారు తమ విజయాన్ని అంతటితో వదల్లేదు. మరునాటికల్లా మెట్ల దగ్గర ఒక రేకు బోర్డు వెలిసింది. “మెట్లెక్కుట ఎముకలకు హానికరము. ఇట్లు, మన జీవశాస్త్రోపాధ్యాయులు.” సంధి మాత్రం సరిగ్గానే ఉంది. మూడేళ్లపాటు ఆయన తన పేరిట వెలసిన ఆ అబద్ధం కిందుగా పళ్లు నూరుకుంటూ పైకెక్కారు, దిగారు. తరగతిలో మాత్రం చెప్పేవారు: “పరీక్షలో పుస్తకం చెప్పినట్టు రాయండి, గోడ చెప్పినట్టు కాదు.” అయినా కొందరు గోడనే నమ్మారు. ఆ జవాబులకు మార్కు వేయడానికి మనసొప్పక, సున్నా వేయడానికి ధైర్యం చాలక, అర మార్కు వేసి పేజీ తిప్పేసేవారు.

కుట్టు టీచరమ్మ వీడ్కోలు సభ ముగిసింది. ఆమె అందరికీ నమస్కరించి వరండాలోకి వచ్చిందో లేదో, మెట్ల దగ్గర టంగుమని మోత. వెళ్లి చూద్దుము కదా, సున్నం మాస్టారు స్టూలెక్కి, పటకారుతో బోర్డు మేకులు పీకుతున్నారు.

“అదేమిటండీ?” కార్యదర్శి గారు నివ్వెరపోయారు. “అది మీ సలహాయే కదా?”

“నా సలహానా? ఏ మూర్ఖుడు రాశాడండీ దీన్ని? మెట్లెక్కనివాడి ఎముకలు ఏమవుతాయో తెలుసా మీకు? రండి, ఎక్కుతూ మాట్లాడుకుందాం!”

కార్యదర్శి గారి చెయ్యి పట్టుకుని ఆయన పైకి లాక్కుపోతూ ఉంటే, కింద నిలబడి టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నడుం నొప్పి కూడా మరిచి నవ్వింది.