వస్తుందని పోసిన బియ్యం

నా చిన్నప్పుడు కువైట్‌లో మా ఇంట్లో శుక్రవారానికి ఇంకో పేరుండేది: పిన్ని వచ్చే రోజు. పిన్ని అమ్మకు సొంత చెల్లెలు. రుమైథియాలో ఒక కువైటీల ఇంట్లో వంట, ఇంటిపని చేస్తూ రాత్రీ పగలూ అక్కడే ఉండేది. ఆ ఇంటావిడ వారానికి ఒక్క పూట, శుక్రవారం మధ్యాహ్నం, ఆమెను బయటికి పంపేది. పిన్ని ఫర్వానియాలో మేముండే పాత భవనానికి వచ్చి, మాతో కూర్చుని అన్నం తిని, కాసేపు నడుము వాల్చి, సాయంత్రానికల్లా వెళ్ళిపోయేది. కడప మాట, కడప కారం ఆమెకు దొరికేది ఆ ఒక్క పూటే.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది ఆ రాకలు ఆగిపోయాయి. ఆ ఇంట్లో పనిచేసే ఇంకో మనిషి తన దేశానికి వెళ్ళిపోవడంతో రెండు పనులూ పిన్ని మీద పడ్డాయి. "ఈ వారం మామా పంపేటట్టు లేదక్కా, వచ్చే వారం చూస్తా" అని ఫోన్‌లో చెప్పేది. యజమానురాలిని ఆమె మామా అనే పిలిచేది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళందరూ అలాగే పిలుస్తారు. వచ్చే వారం కూడా అదే మాట. మొదట్లో అమ్మ ఆమెకు కూడా వండి, సాయంత్రం దాకా చూసి, ఆ అన్నాన్ని పారేయలేక పారేసేది. తర్వాత వండటం మానేసింది. మానేశానని ఎవరితోనూ అనలేదు. మా ముగ్గురికి సరిపడా బియ్యం కడగడం మొదలుపెట్టింది, అంతే. గురువారం రాత్రి మాత్రం "రేపు వస్తుందేమోలే" అని నాన్నతో అంటూనే ఉండేది.

ఆ రోజుల్లోనే మా ఇంగ్లీషు టీచరు హోప్, వెయిట్, ఎక్స్‌పెక్ట్ అని మూడు క్రియలు ఇచ్చి, తేడా తెలిసేలా ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాసుకు రమ్మంది. నాకు మూడూ ఒకటే. మూడింటికీ ఎదురుచూడటమే అర్థమనుకున్నాను. క్లాసులో చెయ్యెత్తి అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. గురువారం సాయంత్రం పక్కింటి అక్క దగ్గరికి వెళ్ళాను. అక్కది జగిత్యాల వైపు. ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేసేది. పిల్లలు లేరు. నా హోంవర్కు చూడటం ఆమెకు ఇష్టమైన పని.

"మా క్లినిక్‌ల జూడు" అన్నది ఉల్లిపాయలు తరుగుతూ. "పేషెంట్లు కుర్చీల్ల కూసుంటరు, అది వెయిట్. డాక్టరు ఏం గాలేదంటే బాగుండు అని లోపల మొక్కుకుంటరు, అది హోప్. ఎక్స్‌పెక్ట్ చేసేది నేను. అపాయింట్‌మెంట్ ఉన్నోళ్ళ ఫైలు ముందుగాల్నే తీసి బల్ల మీద పెడ్త. వాళ్ళింకా ఇంట్లనే ఉంటరు, ఇక్కడ వాళ్ళ పని షురూ అయితది."

నాకు అర్థమైందనుకుని మూడు వాక్యాలూ పిన్ని మీదే రాశాను. పిన్ని రావాలని ఆశపడుతున్నాను. పిన్ని కోసం కాచుకుని ఉన్నాను. పిన్ని రేపు వస్తుందని మేము ఎక్స్‌పెక్ట్ చేస్తున్నాం. అక్క మూడోదాని దగ్గర ఆగింది.

"వస్తదని ఏం చేసిన్రు మరి?"

"ఏం చెయ్యలేదక్కా. చూస్తా ఉండాం."

"గట్లయితే ఇది గూడ వెయిటే. పేరు మార్చినవంతే" అని నవ్వింది. వాక్యంలో తప్పు లేదు కదా అని నేను దాన్ని అలాగే ఉంచేశాను.

మర్నాడు మధ్యాహ్నం మా భోజనాలు అయిపోయాయి. అమ్మ అన్నం గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్ పక్కనే పెట్టింది. అప్పుడు బెల్ మోగింది. తలుపు తీస్తే పిన్ని. పని చేసే గౌనులోనే ఉంది, ఆయాసపడుతోంది.

"డ్రైవరు ఈ పక్కకు సామాను తేను వస్తా ఉంటే, యల్లా, నువ్వు గూడా పో అనింది మామా. ఫోన్ చేసే టైము యాడిదక్కా? అసర్ నమాజు లోపల, మూడు గంటలకంతా, మళ్ళా కింద ఉండల్ల."

చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, ఎప్పటిలాగే నేరుగా వంటింట్లోకి వెళ్ళి గిన్నె మీద మూత తీసింది. లోపల నీళ్ళు, అడుగున నాలుగు మెతుకులు.

"తినేసినారా" అన్నది.

"ఒక్క పది నిమిషాలు ఉండుమే, కుక్కర్ పెట్టేస్తా" అంటూ అమ్మ బియ్యం డబ్బా కోసం వంగింది.

"వద్దులేక్కా. ఆడ తినే వచ్చినా." పిన్ని మూతను చప్పుడు కాకుండా మళ్ళీ పెట్టింది. నాన్న లేచి, హోటల్ నుంచి పార్సిల్ తెస్తానన్నాడు. "బిర్యానీ తినను వచ్చినానా బావా నేను?" అని ఆమె నవ్వింది గానీ అమ్మ వైపు చూడలేదు. ఆమె రాదని మేము ఒప్పేసుకున్నామని ఆ గిన్నె చెప్పేసింది. మళ్ళీ ఎన్ని వారాలకు వస్తుందో తెలియదు. ఆ పూట అలా పాడైపోతోంది.

అంతలో పక్కింటి అక్క తలుపు తోసుకుని వచ్చింది. ఒక చేతిలో గుడ్డ చుట్టిన గిన్నె, ఇంకో చేతిలో చిన్న స్టీలు డబ్బా.

"ఏమక్కా, గ్యాస్ అయిపోయిందని చెల్లె అన్నం నా కుక్కర్ల పెట్టమంటివి. ఎప్పుడో అయింది. తీస్కపోవుడు మర్చిపోయినవా?"

మా గ్యాస్ అయిపోలేదు. ఆ మాట చెప్పడానికి నేను నోరు తెరిచాను. "నువ్వేం జూస్తున్నవ్, మీ పిన్నికి పళ్ళెం తే పో" అని అక్క నన్ను కసిరింది. అమ్మ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "మతిమరుపు పాడుగాను" అంటూ గిన్నెను రెండు చేతులా అందుకుంది.

ఆకలి లేదన్న పిన్ని మారు వడ్డించుకుంది. డబ్బాలో పచ్చిపులుసు ఉంది. మా ఇంట్లో అది ఎప్పుడూ చేయలేదు. పిన్ని దాన్ని కలుపుకుని రెండు ముద్దలు తిని, "పచ్చిపులుసు ఎప్పుడు నేర్చినావక్కా?" అన్నది.

"నేనే నేర్పిన" అన్నది అక్క వెంటనే. "మీ సీమోళ్ళకు కారం తప్ప ఏం తెల్సు?"

"నీళ్ళల్లో చింతపండు పిసికి పులుసంటారు మీ తట్టు. దానికి మళ్ళా నేర్పేదొకటి."

ఇద్దరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

వెళ్ళేటప్పుడు లిఫ్టు దగ్గర పిన్ని అమ్మ చెయ్యి పట్టుకుంది. "నేను రాకపోయినా ఒక పిడికెడు పొయ్యక్కా. మిగిలితే శనివారం పొద్దున చిత్రాన్నం చేసుకోండి. ఆడ గిన్నెలు కడుగుతా ఉంటా గదా, ఈ పొద్దు మా అక్క నాకు పోసింటుంది అనుకుంటా. ఆ ధైర్యం ఒకటి ఉండనీ."

అమ్మ తల ఊపింది. లిఫ్టు తలుపు మూసుకుంది.

గిన్నె ఇచ్చి రావడానికి వెళ్తే అక్క ఖుబ్జు తుంచి, మిగిలిన పచ్చిపులుసులో ముంచుకుని తింటోంది. అన్నం లేదా అని అడిగాను. రొట్టె తినబుద్ధయిందన్నది. పిన్ని లిఫ్టులో తనకు ఎదురైందని, మా వంటింటి మాటలు గోడ ఇవతలికి వినపడ్డాయని తర్వాత ఎప్పుడో అమ్మతో చెప్పింది. ఆ రోజు నాతో మాత్రం ఇంతే అన్నది: "నువ్వు రాస్తివి గదా, ఎక్స్‌పెక్ట్ చేస్తున్నమని. బడికి అబద్ధం రాస్కపోతవా మరి?"

టీచరు మూడు వాక్యాలకూ టిక్కు పెట్టింది.

అప్పటి నుంచి అమ్మ ప్రతి శుక్రవారం పిన్నికి కూడా బియ్యం పోసింది. ఆమె వచ్చిన వారాలు తక్కువ, రాని వారాలు ఎక్కువ. శనివారం పొద్దున చిత్రాన్నం ముందు కూర్చుని నాన్న "ఈ పూట మీ పిన్ని పెట్టిన టిఫిను" అనేవాడు.

ఇప్పుడు నేను కువైట్‌లోనే, మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఎవరినైనా ఇంటికి పిలవాలంటే నాకు ఇప్పటికీ బెరుకే. పిలిస్తే చాలామంది "చూస్తాంలే" అంటారు. అలా అన్నవాళ్ళకు కూడా నేను బియ్యం పోస్తాను. ఆశపడినా, కాచుకుని కూర్చున్నా అది మన లోపలే ఉంటుంది, పైకి ఎవరికీ తెలియదు. వండి పెడితే మాత్రం, మనిషి రాకపోయిన సంగతి మిగిలిన గిన్నె చెప్పేస్తుంది. నాలాంటి బిడియస్తురాలికి అది చిన్న భయం కాదు. అయినా రాని మనిషికి వండినందుకు నేను సిగ్గుపడను. వచ్చిన మనిషికి వండనందుకు అమ్మ పడిన సిగ్గు నేను చూశాను.