అర్థాలు చెప్పిన దుబాసీ

నేర్చుకున్న ఇంగ్లీషుకు ఎప్పటికైనా విలువ కట్టేవాళ్ళు దొరుకుతారని గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ పూర్తిచేసి టెక్కలిలో ఖాళీగా కూర్చున్న నాకు, ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద పరిశోధనకు వచ్చిన ఒక బృందంలో దుబాసీ పని దొరికింది. (దుబాసీ అంటే ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేయడమని మా నాన్న వీధంతా వివరించాడు. విన్నవాళ్ళు అది చాడీలు చెప్పే ఉద్యోగమనుకున్నారు.)

బృందంలో ఇద్దరు విదేశీ డాక్టర్లు. ఆవిడ అమెరికన్, ఆయన ఇంగ్లండ్ మనిషి. ఇద్దరిదీ ఒకే రంగు, ఒకే భాష, ఇంకేం, తోబుట్టువుల్లా కలిసిపోతారనుకున్నాను. మొదటిరోజు పలాస నుంచి కవిటి వెళ్ళే దారిలో ఆయన కొబ్బరి బోండాం కోసం జీపు దిగగానే ఆవిడ నా చెవిలో చెప్పింది: "ఇంగ్లీషువాళ్ళది పైకొక మాట, లోపలొక మాట. ప్రయత్నిస్తానన్నాడంటే చెయ్యడని అర్థం." సాయంత్రం ఆవిడ ఫోన్లో ఉండగా ఆయన గొంతు తగ్గించి, "అమెరికన్లకు అన్నీ అద్భుతాలే. తప్పకుండా అనడం వాళ్ళకు తుమ్ములాంటిది, పట్టించుకోకు" అన్నాడు. రెండూ నోట్‌బుక్కులో రాసుకున్నాను. వారం తిరిగేసరికి ఆ రెండు దేశాలూ నాకు కొట్టిన పిండి. ఆయన "కూర బాగానే ఉంది" అంటే వంటావిడకు "నచ్చలేదట" అని, ఆవిడ "ఇలాంటి చేపల పులుసు జన్మలో తినలేదు" అంటే "పరవాలేదట" అని చెప్పేదాన్ని.

ఆ తర్వాత కవిటి దగ్గర ఒక ఊళ్ళో బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టాం. రక్తపరీక్షకు ఒక్కరూ చెయ్యి చాపలేదు. ఊరంతా మామ్మ అని పిలిచే ఒక ముసలావిడ ముందుకొచ్చింది. ఆవిడ భర్తను ఆ జబ్బే తీసుకుపోయిందట. "మా రగతం అట్టుకెళ్ళినోలు సానామందే ఉన్నారు. ఒక్కలైనా మల్లీ వచ్చి ఏటయిందో సెప్పనేదు. ఈలు మల్లీ వత్తారా, రారా? అడుగు పిల్లా" అంది.

అడిగాను. అమెరికన్ ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని, "తప్పకుండా వస్తాను, రిపోర్టులు నా చేత్తో ఇస్తాను" అంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "రావడానికి ప్రయత్నిస్తాను. మాట మాత్రం ఇవ్వలేను" అన్నాడు.

ఆ మాటలు చెబితే సరిపోయేది. నేను అర్థాలు చెప్పాను. "మామ్మా, ఈవిడ వత్తానంటంది గానీ ఆల దేశంలో అదొక ఊతపదమట. ఈయనేమో రానని మర్యాదగా సెప్తన్నాడు."

జనం తువ్వాళ్ళు దులుపుకుని లేచారు. "ఏం చెప్పావు?" అని అమెరికన్ ఆవిడ నిలదీస్తే ఉన్నదంతా చెప్పేశాను, ఎవరి గురించి ఎవరన్నారో సహా. (చాడీల ఉద్యోగమే అయింది చివరికి.) ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎప్పుడూ నవ్వని ఆయన చెవులదాకా ఎర్రబడి, ముందుగా నవ్వేశాడు. "నేను నిజంగానే వస్తాను" అంది ఆవిడ నెమ్మదిగా. "నేను నిజంగానే ప్రయత్నిస్తాను" అన్నాడాయన. అదే ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఓలమ్మా, ఈ ముక్క ముందే సెప్పొచ్చు గదేటి!" అని మామ్మ కూర్చుని చెయ్యి చాపింది. "వత్తానన్నామె రాపోతే తిట్టుకుంతాను. రానేనేమో అన్నాయనొత్తే బువ్వెడతాను. నువ్వో పిల్లా? నీది దగ్గరే గదా, నువ్వొత్తావా?"

"ఎందుకు రాను మామ్మా, టెక్కలెంత దూరం!" అన్నాను. ఆవిడ వెనకాలే మిగతావాళ్ళూ కూర్చున్నారు.

మరుసటి ఏడాది ఇద్దరూ వచ్చారు, ఒకే జీపులో, రిపోర్టులు పట్టుకుని. అప్పటికి నాకు విశాఖపట్నంలో ఉద్యోగం. సెలవు దొరకలేదని చెప్పాను, నిజానికి అడగలేదు. మామ్మకు చెరోవైపు కూర్చుని అన్నం తింటున్న ఫోటో ఒకటి నా ఫోన్‌కు పంపారు. దాని కింద, మామ్మ అన్న మాటను కొత్త దుబాసీ ఒక్క అక్షరం మార్చకుండా రాసి పెట్టాడు: "ఆ టెక్కలి పిల్లేదీ? టెక్కలోలు వత్తానంటే రారన్నమాట."

ఆ మాటతో చాలాసేపు పోట్లాడాను. ఒక్క మనిషిని చూసి ఊరందరినీ అనేస్తే ఎలా అని న్యాయం మాట్లాడాను, నోట్‌బుక్కు సంగతి మరిచిపోయి. మరుసటి ఆదివారమే వెళ్ళానని రాయాలని ఉంది గానీ, రెండేళ్ళు పట్టింది. మామ్మ ఇంటి అరుగు మీద కొబ్బరి మట్టలు చీలుస్తోంది. నన్ను గుర్తుపట్టలేదు.

"ఏ ఊరు పిల్లా మీది?" అంది.

పలాస అని చెప్పాను.