గిన్నెలోకి వదిలిన రక్తం

ఇప్పుడంటే గుండె ఆపరేషన్ అయినవాళ్ళు బెంజ్ సర్కిల్ దగ్గర పొద్దున్నే చేతులూపుకుంటూ నడిచిపోతున్నారు గానీ, నేను కాపురానికొచ్చిన ఆ డెబ్బైల్లో గుండె కోస్తారంటే మనిషి మీద ఆశ వదులుకోవడమే. పామర్రు దగ్గర మా ఊళ్ళో కాలవకి మా మామగారే పెద్దమనిషి. ఎవరి చేనుకి ఎప్పుడు నీళ్ళు పారాలో ఆయనే వంతులు చెప్పేవారు. ఒకరి నీళ్ళు ఇంకొకరు మళ్ళించుకుంటే ఊరుకునేవారు కాదు, సొంత తమ్ముడైనా సరే. అలాంటి మనిషి గట్టు మీద నాలుగడుగులు వేస్తే చాలు, రొమ్ము పట్టుకుని కూలబడిపోయే స్థితికొచ్చారు.

బెజవాడ డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి, "గుండెకి రక్తం వెళ్ళే దారి పూడుకుపోయిందండీ. మద్రాసు వెళ్ళాలి. రొమ్ము ఎముక వెనకాల ఒక రక్తనాళం ఉంటుంది, దాని కొస కోసి, పూడిక దాటాక గుండెకి కలుపుతారు" అన్నారు.

"అంటే రొమ్ముకి పారేది గుండెకి మళ్ళిస్తారన్నమాట. మరి రొమ్ము ఎండిపోదాండీ?" అన్నారు మామగారు.

"ఎండదు. పక్కటెముకల వెంట దానికి వేరే చిన్న దారులున్నాయి."

"మళ్ళించుకునేవాడు ఎప్పుడూ ఆ మాటే చెబుతాడు. నాకొద్దు" అని లేచారు. అత్తగారు చెంగు నోట్లో కుక్కుకున్నారు. ఆయన ఆ గడప దాటితే మళ్ళీ రారనీ, రాకపోతే ఎన్నాళ్ళో ఉండరనీ మాకు తెలుసు.

"ఊరికే కలిపెయ్యరండీ" అన్నారు డాక్టరుగారు వెనక నుంచి. "కోసిన కొసని ముందు చిన్న గిన్నెలోకి వదిలి, రక్తం ఎంత జోరుగా వస్తుందో చూస్తారు. సన్నగా వస్తే దాన్ని ముట్టుకోరు, కాలి నుంచి వేరే నరం తీస్తారు."

మామగారి చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. "పారించి చూసి మరీ కలుపుతారా?"

సరిగ్గా అప్పుడే నా నోరు ఊరుకోలేదు. (బియ్యం కడిగిన నీళ్ళు గేదెకీ, స్నానాల నీళ్ళు అరటిచెట్లకీ పోసే ఇంట్లో పుట్టినదాన్ని. చదువా, అయిదో తరగతితో సరి.) "మరి ఆ గిన్నెలో రక్తం ఏం చేస్తారండీ? పారబోస్తారా?" అన్నాను.

"నోర్ముయ్యవే!" అన్నారు అత్తగారు. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నెలల తరబడి నవ్వన్నదే ఎరగని మామగారు మాత్రం గోడకి ఆనుకుని, ఆయాసపడుతూనే నవ్వారు. "మా కోడలు గిన్నె పట్టుకుని ఆపరేషన్ గదిలో కాపలా ఉండేట్టుంది. సరేనండీ, మద్రాసుకి రాయండి."

మద్రాసులో ఆయన కళ్ళు తెరిచిన రోజున, మంచం పక్కన దణ్ణం పెట్టుకుంటూ నిలబడ్డాను. వేలితో దగ్గరికి పిలిచి అడిగారు: "అమ్మాయ్, గిన్నె కడిగి తెచ్చావా?" నవ్వబోయి ఏడ్చాను. ఆ తరవాత చాలా ఏళ్ళు ఆయన గట్టు మీద నిలబడి వంతులు చెప్పారు.

మొన్న నాకూ రక్తపరీక్ష రాశారు. రక్తం తీసే పిల్ల ఇన్నేసి సీసాలు నింపుతుంటే, "పరీక్షకి పోను మిగిలింది ఏం చేస్తారమ్మా?" అన్నాను. (ఆ ప్రశ్నలో తప్పుందని ఇప్పటికీ అనుకోను.) "పారేస్తాం మామ్మగారూ" అంది తలెత్తకుండానే. గదిలో ఎవరూ నవ్వలేదు. నేనే నవ్వుకుని, పక్కన ఎవరో కూర్చోబోతున్నట్టు బల్ల మీద కాస్త జరిగాను.