మధ్యాహ్నపు నీడలో పుట్ల వ్యాపారం

ఆ రోజుల్లో ఖతార్‌లో మేం ఎండాకాలం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్లం అంటే ఎవరూ నమ్మరు. వేసవిలో పగటిపూట ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ రూలు. పొద్దున పదింటికి సైట్ ఆగిపోతుంది, మళ్లీ మూడున్నరకు మొదలు. మన దేశంలో షేర్ మార్కెట్ ఇక్కడి టైం ప్రకారం ఒంటిగంటకు మూసేస్తారు. అంటే పైవాడు (లేదా లేబర్ ఆఫీసు) మాకింత నీడ చూపించి, చేతికి ఫోను ఇచ్చి, ఎదురుగా మార్కెట్ పెట్టి, ఇక చెడిపోండిరా అని వదిలేశాడు. మేం ఆయన మాట తీసేయలేదు.

నేను అల్ షహానియాలో ఒంటెల ఫారాల పక్కన ప్రహరీ గోడ కడుతుండేవాణ్ని. నా పక్క మంచం చాచాది. నిజామాబాద్ ఆయన, ప్లాస్టరింగ్ మేస్త్రీ. డ్రైవింగ్ స్కూల్ ఫీజు కోసం నేను కొంత కూడబెట్టాను. లైసెన్స్ వస్తే ఏసీ బండిలో కూర్చుంటాను, రాకపోతే ఇదే గోడ, ఇదే ఎండ. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ 'దుబాయ్‌ల డ్రైవర్ ఎప్పుడైతవు కొడుకా' అని అడిగేది (ఖతార్ వేరే దేశమని ఆమె ఇప్పటికీ ఒప్పుకోలేదు). ఫీజుకు కొంచెం తక్కువ పడింది. ఆ కొంచెం కోసమే ఈ కథంతా.

ఆ వేసవిలో మార్కెట్ ఎటూ కదలడం లేదు. ఇలాంటప్పుడు పుట్లు అమ్ముకుని బతకాలని వీడియోల్లో చెప్పేవారు. పుట్ అంటే ఏంటో నాకు అర్థమయ్యేలా చెప్పింది మాత్రం చాచానే, కంచె అవతల నెమరేస్తున్న ఒంటెను చూపించి.

"ఒకడొచ్చి నీకు కొంచెం ఫులూస్, అదే పైసలు, ఇస్తడు. ఒంటె ధర పడితే ఇగో ఈ రేటుకే నువ్వు కొనాలె అంటడు. పడలేదనుకో, ఫులూస్ నీయే. పడ్డదనుకో, ఒంటె నీ నెత్తి మీద."

అంతవరకు ఇద్దరిదీ ఒకటే మాట. తర్వాతే పేచీ. నేను పుట్ అమ్మి ఊరుకునేవాణ్ని. చాచా ఒకటి అమ్మి, వచ్చినదాంట్లో కొంత పెట్టి ఇంకా కింది ధరకు మరో పుట్ కొనుక్కునేవాడు. మార్కెట్ ఎంత పడినా ఆయన నష్టం ఒకచోట ఆగిపోతుంది, కానీ చివరికి మిగిలేది చాయ్ ఖర్చు. నీడలో కూర్చుని గొడుగు పట్టుకునే మనిషివని ఆయన్ని ఏడిపించేవాణ్ని. నా కళ్లే నాకు బీమా, పడటం మొదలవగానే తిరిగి కొనేస్తానని నా ధీమా. కళ్లకు కునుకు వస్తుంది బేటా అనేవాడు చాచా. నాకు కునుకు కూడా రాలేదు, అంతకంటే ఘోరం జరిగింది.

ఒక మధ్యాహ్నం, మార్కెట్ మూసే ముందు ఇద్దరం చెరొకటి అమ్మాం, చాచా ఎప్పట్లాగే కింద ఇంకోటి కొన్నాడు. రేపు పదింటికి తీరిగ్గా చూసుకోవచ్చనుకున్నాం. నేను ఫీజు డబ్బంతా డిపాజిట్‌గా పెట్టేశాను. మర్నాడు పదైంది. తాపీ కింద పెట్టి షెడ్డు వైపు నడిచాను. ఫోర్‌మన్ ఎక్కడికని అడిగాడు. ఎండ రూలు నిన్నటితో అయిపోయిందట, ఈరోజు నుంచి ఫుల్ డ్యూటీ అట. క్యాంప్ మొత్తం వారం నుంచి ఇదే ఏడుపు ఏడుస్తోంది. మేం మాత్రం నీ పద్ధతి గొప్పదా నా పద్ధతి గొప్పదా అన్న వాదనలో పడి ఒక్క ముక్కా వినలేదు. ఫోన్లేమో ఫోర్‌మన్ కంటైనర్‌లో తాళం కింద ఉన్నాయి (ఎవరో వీడియో చూస్తూ నిచ్చెన మీంచి జారినప్పటి నుంచి అదీ ఒక రూలు). భోజనం దాకా గోడకు ఇటు నేను, అటు చాచా. ఆ పూట నేను పేర్చిన వరస మొత్తం వంకర పోయింది.

భోజనం వేళ ఫోన్ తెరిస్తే మార్కెట్ పాతాళంలో ఉంది. డిపాజిట్ చాలక బ్రోకర్ వాళ్లే నా పుట్‌ను తిరిగి కొనేసి లెక్క మూసేశారు. డ్రైవింగ్ స్కూలు, స్టీరింగు, ఏసీ గాలి అన్నీ అందులోనే పోయాయి. చాచాది ఇంకా నిలిచే ఉంది. ఆయనకు ఇంతకు మించి పోయేదేమీ లేదు, ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు. అయినా ఇంకా పడితేనో అని తనే నష్టానికి లెక్క మూసేసుకున్నాడు. మేం గిన్నెలు కడిగేలోపు మార్కెట్ మెల్లగా లేచి, నిన్న కూర్చున్న చోటికే వచ్చి కూర్చుంది. కదలదని మేం చెప్పినట్టే, కదల్లేదు. కంచె అవతల ఒంటె కూడా కదల్లేదు. నాకు గోడకు ఆనుకుని ఏడవాలనిపించింది, కానీ గోడ ఇంకా పచ్చిగా ఉంది.

"నిన్ను వాళ్లు కోసిన్రు బేటా," అన్నాడు చాచా. "నన్ను నేనే కోసుకున్న."

ఎవరి పద్ధతి మంచిదో ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు. నేను మరో రెండు వేసవులు గోడలు కట్టాక గానీ లైసెన్స్ రాలేదు. ఇప్పుడు అల్ రయ్యాన్ క్యాంప్ నుంచి వెస్ట్ బేకి కంపెనీ బస్సు నడుపుతున్నాను. చాచా నిజామాబాద్‌లో ఇంటిపట్టున ఉన్నాడు. ఏటా ఎండ రూలు ముగిసిన రోజు ఆయన ఫోన్ తప్పదు. ఈసారీ వచ్చింది.

"బేటా, ఇయ్యాల్టి నుంచి ఫుల్ డ్యూటీ. ఏం అమ్మలేదు గద?"

అమ్మలేదన్నాను. మరి నువ్వో అని అడిగాను.

"చిన్నది ఒక్కటే," అన్నాడు. "కింద ఇంకోటి కొన్నలే."

ఫోన్ పెట్టేసి అద్దంలో వెనక సీట్ల వైపు చూశాను. డ్యూటీ దిగిన వాళ్లంతా నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్నారు. తన కళ్లే తనకు బీమా అనుకున్న ఆ కుర్రవాడు కూడా ఆ సీట్లలో ఎక్కడో ఉన్నట్టనిపించి, లేపకుండా, బస్సును కొంచెం నెమ్మదిగా పోనిచ్చాను.